ఖాళీ బండి లెక్క

మా ఇంట్లో టీవీ పక్కన రెండొందల పేజీల నోట్‌బుక్ ఒకటి ఉంటుంది. మా అమ్మాయి సోషల్ నోట్స్ కోసం కొన్నది. నాలుగు పేజీలు రాసి పక్కన పడేస్తే ఐదో పేజీ నుంచి నేను ఆక్రమించుకున్నాను. ప్రతి పేజీకీ మధ్యలో నిలువు గీత. ఎడమ పక్క 'బేరం', అంటే ప్యాసింజర్‌తో తిరిగిన కిలోమీటర్లు. కుడి పక్క 'ఖాళీ', అంటే ఎవరూ ఎక్కకుండా తిరిగినవి. రాత్రి బండి పెట్టి చెప్పులు విప్పుతుండగానే మా ఆవిడ లోపల్నుంచి "మీటరెంత?" అంటుంది. నేను చెప్తాను, తను రాస్తుంది. ఒక్కోరోజు కుడి పక్క అంకె ఎడమ పక్క దాన్ని దాటిపోతుంది. ఆ రోజు కూర ఎలా ఉందో చెప్పడానికి కూడా నోరు రాదు.

నేను విశాఖలో యాప్ మీద క్యాబ్ తోలుతాను. ఉండేది గోపాలపట్నం. ఇంతకుముందు గాజువాక ఆటోనగర్‌లో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డులో సూపర్‌వైజర్‌ని. కరోనా తర్వాత ఆర్డర్లు తగ్గి షెడ్డు మూసేశారు. చేతిలో లైసెన్సు ఉంది, ఊరు తెలుసు, ఇంకేం కావాలి అనుకున్నాను. మొదట్లో లీజు బండి. అంటే వేరేవాళ్ల ఎల్లో బోర్డు కారుకి రోజుకింత అని అద్దె కట్టి, గ్యాస్ మన డబ్బులతో కొట్టించుకుని తోలుకోవడం.

మొదటి నెల యాప్‌లో మొత్తం 51,000 చూపించింది. షెడ్డులో నా జీతం అందులో మూడో వంతు. బంధువులందరికీ ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. నెలాఖరుకి అద్దె, గ్యాస్, యాప్ వాళ్ల కోత పోగా చూస్తే అమ్మాయి స్కూలు ఫీజుకి కూడా చాల్లేదు. డబ్బు ఎటు పోయిందో అర్థం కాలేదు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర టీ కొట్టులో ఒక పెద్దాయన ఉంటాడు, ముప్పయ్యేళ్లుగా ఆటో తోలుతున్న మనిషి. నా గోడంతా విని ఒకటే అడిగాడు. "ఎంత తోలావో సరే బాబూ, కాళీగా ఎంత తిరిగావో సెప్పు." నా దగ్గర జవాబు లేదు. నోట్‌బుక్ ఆ రాత్రే మొదలైంది.

నా రోజు తెల్లవారుజామున నాలుగింటికి మొదలవుతుంది. హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారేటప్పటికి వైజాగ్ చేరుతుంది. దానికి ముందూ వెనకా ఇంకో రెండు మూడు రైళ్లు. బోణీ అక్కడే దొరకాలి. కానీ మా స్టేషన్‌కి రెండు ముఖాలు. ఒకటో నంబర్ ప్లాట్‌ఫాం వైపు మెయిన్ గేటు, అవతల వైపు జ్ఞానాపురం గేటు. యాప్‌లో గుర్తు ఒక గేటు దగ్గర పడుతుంది, మనిషి ఇంకో గేటు దగ్గర ఉంటాడు.

"ఎక్కడున్నారు సార్?"

"స్టేషన్ బయటే."

"ఏ గేటు బయట సార్?"

"ఇక్కడ ఆటోలున్నాయి, టీ కొట్టుంది."

రెండు వైపులా ఆటోలున్నాయి, రెండు వైపులా టీ కొట్లున్నాయి. తప్పు గేటుకి వెళ్లానంటే చుట్టు తిరిగి రావాలి. పొద్దున్నైతే పది నిమిషాలు, సాయంత్రమైతే అడక్కండి. ఈలోపు ఆయన క్యాన్సిల్ కొట్టి పక్కనున్న ఆటో ఎక్కేస్తాడు. మూడు కిలోమీటర్లు కుడి పక్కకి. ఇప్పుడు నేను గేటు సంగతి అడగను. "ఏ ప్లాట్‌ఫాం మీద దిగారు, ఎటువైపు నడిచారు?" అని అడుగుతాను. ఈ ఒక్క ప్రశ్న నేర్చుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

గేటు దొరికాక డిక్కీ గొడవ. బండి సీఎన్జీ. డిక్కీలో సగం సిలిండరే ఉంటుంది. నలుగురు మనుషులు, నాలుగు సూట్‌కేసులు, పైన ఆవకాయ డబ్బాల అట్టపెట్టె. "కారన్నాక డిక్కీ ఉండదా?" అంటారు. ఉంటుంది, అందులో నా గ్యాస్ ఉంది. ఒక సూట్‌కేసు ముందు సీట్లో, ఒకటి పిల్లాడి కాళ్ల కింద, ఆవకాయ అమ్మగారి ఒళ్లో. అలా మధురవాడ దాకా వెళ్లిన రోజులున్నాయి. రెండు రోజుల పాటు బండిలో ఆవపిండి వాసన.

విశాఖలో క్యాబ్ తోలేవాడికి వేరే ఊళ్లలో లేని కష్టం ఒకటుంది. ఈ ఊరికి ఒక పక్కంతా సముద్రం. వేరే ఊళ్లో డ్రాప్ చేశాక నాలుగు దిక్కులా బేరం వెతుక్కోవచ్చు. బీచ్ రోడ్డు మీద నిలబడితే యాప్ గీసే గుండ్రంలో సగం నీళ్లే. సముద్రంలోంచి ఎవరూ బుక్ చేయరు కదా. రెండో పక్క సింహాచలం కొండలు. మధ్యలో మిగిలిన ఊరు హైవే వెంబడి ఆనందపురం నుంచి కూర్మన్నపాలెం దాకా తాడులా సాగి ఉంటుంది. తాడు ఒక కొసకి వెళ్లామంటే వెనక్కి అదే తాడు పట్టుకుని రావాలి.

నోట్‌బుక్ రాయగా రాయగా ఏ కొస ఎప్పుడు మోసం చేస్తుందో తెలిసింది. రుషికొండ ఐటీ కొండ మీదికి పొద్దున్న వెళ్తే వెనక్కి ఖాళీ, సాయంత్రం వెళ్తే బేరం ఎదురుచూస్తూ ఉంటుంది. మధురవాడ ఎప్పుడూ ఫర్వాలేదు. పీఎం పాలెం స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు మాత్రం అటు పోకూడదు. బేరాలు బోలెడు, కదిలే దారే ఉండదు. భీమిలి వెళ్లడానికి బాగుంటుంది, ఎడమ పక్క కొండలు, కుడి పక్క కెరటాలు, దిగేటప్పుడు "భలే రోడ్డండీ" అంటారు. ఆ భలే రోడ్డు మీద ముప్పై కిలోమీటర్లు నేనొక్కణ్ణే వెనక్కి రావాలి. ఇక పరవాడ, అచ్యుతాపురం. ఫార్మా కంపెనీలకి రాత్రి షిఫ్టు వాళ్లని దింపితే మళ్లీ గాజువాక వచ్చేదాకా ఫోన్ పలకదు. మొదట్లో డబ్బు ఎటు పోయిందో ఆ పేజీలు చూస్తే తెలిసింది. పెద్ద బేరం తగిలిందని సంబరపడి అటు పరిగెత్తిన రోజులన్నీ కుడి పక్క నిండిపోయాయి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. బుక్ చేయగానే డ్రైవర్ ఫోన్ చేసి "డ్రాప్ ఎక్కడ సార్? క్యాషా, ఆన్‌లైనా?" అని అడిగితే ఎక్కేవాళ్లకి ఒళ్లు మండుతుంది. మండాలి కూడా, నేను ప్యాసింజర్‌గా ఎక్కినప్పుడు నాకూ మండింది. కానీ డ్రైవర్ ఎందుకు అడుగుతాడంటే, డ్రాప్ ఎక్కడో తెలిస్తే వెనక్కి ఎన్ని కిలోమీటర్లు ఖాళీగా రావాలో మనసులో లెక్క పడుతుంది. క్యాష్ ఎందుకంటే గ్యాస్ ఇవాళే కొట్టించాలి. ఆన్‌లైన్ డబ్బు యాప్ వాళ్ల కోత పోయి, వాళ్లు వేసినప్పుడు పడుతుంది. బంకులో "రేపు పడతాయి గురూ" అంటే గ్యాస్ పట్టరు. ఇప్పుడు కొన్ని యాప్‌లలో డ్రాప్, డబ్బు ముందే కనిపిస్తున్నాయి. అయినా ఒప్పుకోవడానికి ఉండేవి కొద్ది సెకన్లే. అందులోనే పేరు, దూరం, ట్రాఫిక్, ఇంట్లో బియ్యం అన్నీ కళ్ల ముందు తిరగాలి.

అన్నీ లెక్క చూసుకునే ఒప్పుకుంటానని కాదు. ఒకరోజు మధ్యాహ్నం కేజీహెచ్ పెద్దాసుపత్రి ఓపీ గేటు దగ్గర పికప్ పడింది. డ్రాప్ ఆర్టీసీ కాంప్లెక్స్. మూడు కిలోమీటర్లు కూడా ఉండదు, డెబ్బై నాలుగు రూపాయలు. గేటు పక్క చెట్టు కింద ఒక పెద్దావిడ, కాలికి కట్టుతో ఆవిడ భర్త, ఒక చేతి సంచీ. పాలకొండ అవతలి ఊరట.

"మావోడు సెన్నైలో ఉన్నాడు బాబూ. కారొత్తాది, ఎక్కీమన్నాడు."

"ఎక్కండమ్మా. ఓటీపీ చెప్పండి."

"ఏటది?"

"నంబరమ్మా. నాలుగంకెలు. మీ అబ్బాయి చెప్పుంటాడు."

ఆవిడ సంచీలోంచి ఓపీ చీటీ తీసి దాని మీద నంబరు చూపించింది. అది కాదమ్మా అంటే ఆధార్ కార్డు తీసింది. కొడుక్కి ఫోన్ చేస్తే బిజీ. వెనక అంబులెన్సు హారన్ కొడుతోంది. బండి ముందుకి తీసి గోడ వారగా పెట్టి మళ్లీ వచ్చాను. ఈలోగా పెద్దాయన సీట్లో కూర్చోబోతుంటే ఆవిడ చెయ్యడ్డం పెట్టి ఆపింది. సంచీలోంచి తువ్వాలు తీసి సీటు మీద పరిచి, మూలలు సర్ది, అప్పుడు కూర్చోబెట్టింది. "పుండు కారతాంది బాబూ, నీ బండి పాడవుద్ది." కొడుకు ఫోన్ ఎత్తేసరికి పావుగంట. కాంప్లెక్స్‌లో పాలకొండ బస్సు ఆగే చోటు దాకా పెద్దాయన్ని పట్టుకుని నడిపించి వచ్చేసరికి నలభై నిమిషాలు. డబ్బులు ఆన్‌లైన్‌లో కట్టేశారమ్మా అని ఎంత చెప్పినా వినకుండా ఇరవై రూపాయల నోటు నా జేబులో పెట్టింది. కోత పోగా నా చేతికి వచ్చింది యాభై చిల్లర. ఆ రాత్రి మా ఆవిడ మీటరు రాసుకుంటూ ఈ మధ్యలో అంతసేపు బండి కదల్లేదేంటని అడిగింది. చెప్పాను. "సరే" అని తరవాతి గడి రాసింది.

మధ్యాహ్నం గ్యాస్ లైను. సీఎన్జీ బంకు దగ్గర ప్రెషర్ తక్కువున్న రోజు ముందు ఇరవై ఆటోలు, పది కార్లు. గంట పోతుంది. ప్యాసింజర్ని ఎక్కించుకుని గ్యాస్‌కి వెళ్లలేం, పట్టేటప్పుడు అందరూ దిగాలి. అందుకే లైన్లోనే టిఫిన్ డబ్బా తెరుస్తాం. సిలిండర్‌కి మూడేళ్లకోసారి టెస్టు చేయించాలి, ఆ టెస్టు తేదీ ఉన్న ప్లేటు లేకపోతే గ్యాస్ పట్టరు. నేను సెకండ్ హ్యాండ్ బండి కొన్నప్పుడు ఆ తేదీ చూసుకోలేదు. కొన్న మూడో వారం బంకు కుర్రాడు బానెట్ ఎత్తి చూసి "అన్నా, అయిపోయింది" అన్నాడు. బండి కొనేవాళ్లెవరైనా ఫిట్‌నెస్, పర్మిట్, ఇన్సూరెన్సుతో పాటు ఇదీ చూసుకోండి. మా ఊళ్లో అయితే కింద తుప్పు కూడా చూడాలి. ఉప్పు గాలికి సైలెన్సర్లు, డోర్ల అడుగులు తొందరగా తుప్పుపట్టిపోతాయి. పైన పాలిష్ ధగధగలాడుతుంది, కింద వేలు పెడితే దిగిపోతుంది.

నాకు తగిలిన దెబ్బల్లో తలచుకుంటే ఇప్పటికీ నవ్వొచ్చేది గుండు సంగతి. మా అమ్మాయికి డెంగీ వచ్చి తగ్గాక సింహాచలం అప్పన్నకి తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. శనివారం కుటుంబంతో వెళ్లి ఇచ్చాను. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి యాప్ తెరిస్తే సెల్ఫీ అడిగింది. తోలేది అసలు మనిషేనా అని అప్పుడప్పుడూ అడుగుతుంది. తీశాను. 'సరిపోలలేదు.' లైటు కింద తీశాను. సరిపోలలేదు. టోపీ పెట్టి తీస్తే టోపీ తీయమంది. మూడోసారికి ఐడీ ఆగిపోయింది. 'మీ ఖాతా పరిశీలనలో ఉంది' అని మెసేజ్. హెల్ప్‌లో ఏం రాసినా 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం' అనే ఒక్క ముక్కే తిరిగొస్తోంది. గుండు చేయించుకున్నానని తెలుగులో రాశాను, ఇంగ్లీషులో మా అమ్మాయి చేత రాయించాను. మళ్లీ చింతించారు.

ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్ బేరాలు వారంలోకెల్లా బాగుంటాయి. నేను ఇంట్లో గుండు తడుముకుంటూ కూర్చున్నాను. సోమవారం వాళ్ల ఆఫీసుకి వెళ్తే ఒక కుర్రాడు కంప్యూటర్లో నా ఫొటో, ఎదురుగా నన్ను చూసి, "గుండా అన్నా?" అన్నాడు.

"అవును తమ్ముడూ, అప్పన్నకి."

కొత్త ఫొటో తీసి ఐదు నిమిషాల్లో ఐడీ తెరిచాడు. లేచి వస్తూ, జుట్టు పెరిగాక ఏం చేయాలని అడిగాను. కాస్త ఆలోచించి, "మళ్లీ రండి" అన్నాడు.

ఇప్పుడు అసలు లెక్క చెప్తాను. నోట్‌బుక్‌లోంచి ఒక మామూలు రోజు తీస్తాను, మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. మొత్తం 212 కిలోమీటర్లు. బేరం 128, ఖాళీ 84. వచ్చింది 2,304. యాప్ కోత 507. గ్యాస్ 780. మిగిలింది 1,017. బండి ఈఎంఐ నెలకి 12,000, రోజుకి 400 తీసేస్తే 617. టిఫిన్, టీ, భోజనం 130. మిగతా 487లో ఇన్సూరెన్సు, టైర్లు, సర్వీసింగ్, ఫిట్‌నెస్ కోసం మా ఆవిడ 200 తీసి వేరే డబ్బాలో వేస్తుంది. 287. పదమూడు గంటలకి. ఖాళీ 84కి బదులు 50 ఉంటే ఏమయ్యేదో మీరే చూసుకోండి, ఆ 34 కిలోమీటర్ల గ్యాసే వందకి పైన.

కేంద్ర రవాణా శాఖ 2020 నవంబరులో ఇలాంటి యాప్‌లకి మార్గదర్శకాలు ఇచ్చింది. సొంత బండి డ్రైవర్‌కి ఛార్జీలో కనీసం 80 శాతం అందాలనీ, రోజుకి 12 గంటలకి మించి లాగిన్‌లో ఉండకూడదనీ, ప్యాసింజర్ దగ్గరికి ఖాళీగా వచ్చే దూరానికి పరిహారంగా కనీస ఛార్జీని 3 కిలోమీటర్లకి లెక్కగట్టాలనీ అందులో ఉంది. 2025 జూలైలో వాటిని మార్చి కొత్తవి ఇచ్చారు. ఖాళీ దూరం అనే మాట ఢిల్లీ కాగితంలో చూసినప్పుడు, మా ఆవిడ గీసిన కుడి పక్క గీత సంగతి వాళ్లకీ తెలుసన్నమాట అనుకున్నాను. కాకపోతే అమలు చేయాల్సింది రాష్ట్రాలు. పైగా ఆ మూడు కిలోమీటర్ల లెక్క ఎక్కించుకోవడానికి వెళ్లే ఖాళీకి. అచ్యుతాపురం నుంచి తిరిగొచ్చే ఖాళీ అందులో లేదు.

కొన్ని యాప్‌లు ఇప్పుడు కమీషన్ మానేసి రోజుకింత అని కట్టించుకుంటున్నాయి. బేరాలు బాగున్న రోజు అదే మేలు. వానపడి రోడ్లు ఖాళీగా ఉన్న రోజు కట్టిన డబ్బు రావడానికే మధ్యాహ్నమవుతుంది. రెండూ పెట్టుకుని తోలుతున్నాను. 2025 అక్టోబరు 4న రాష్ట్ర ప్రభుత్వం సొంత బండి తోలుకునేవాళ్లకి 15,000 వేసింది. నాకూ పడ్డాయి. డబ్బాలో వేసే పనే లేకుండా తిన్నగా ఇన్సూరెన్సుకి వెళ్లిపోయాయి.

చలికాలంలో అరకు బేరాలు తగిలితే అదొక ఊపిరి. వెళ్లిరావడానికి రెండొందల ముప్పై కిలోమీటర్ల పైమాటే, కానీ రానూపోనూ బేరమే, కుడి పక్క సున్నా. అనంతగిరి ఘాట్‌లో గ్యాస్ మీద బండి లాగదు, పెట్రోల్‌కి మార్చి ఏసీ ఆపాలి. "ఏసీ ఎందుకు ఆపారు?" అంటే "చల్లగానే ఉంది కదండీ, అద్దాలు దించండి, కాఫీ తోటల గాలి" అంటాను. సగం మంది నమ్ముతారు.

జనం అప్పన్న కొండ చుట్టూ నడిచే గిరి ప్రదక్షిణ రోజు మాత్రం బండి తీయను. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు మధ్యాహ్నం నుంచి కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర మొదలై అడవివరం, హనుమంతవాక, ఎంవీపీ, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం, మళ్లీ సింహాచలం, మొత్తం 32 కిలోమీటర్లు జనమే. దారులన్నీ మళ్లిస్తారు. రెండేళ్ల కిందట బండి ఇంటి దగ్గర పెట్టి నేనూ నడిచాను. రోజూ క్యాబ్ తోలే రోడ్డే కాళ్లతో నడిస్తే ఇంత పొడవా అనిపించింది. తిరిగొచ్చి కాళ్లకి వేడినీళ్లు పోసుకుంటుంటే మా ఆవిడ నోట్‌బుక్ పట్టుకొచ్చి, ఈ ముప్పై రెండూ ఏ పక్క వేయాలని అడిగింది.

నడుం నొప్పి సంగతి ఎక్కువ రాయను, డ్రైవర్లందరికీ ఉన్నదే. రాత్రి బండి పెట్టే ముందు ఇంటి వైపు బేరమే కావాలని యాప్‌లో పెట్టుకుంటాను. గోపాలపట్నం అని పెడితే మద్దిలపాలెం నుంచి గాజువాకకి ఇస్తుంది. దానికి అదీ ఇంటి దారే.

కిందటి సంక్రాంతికి మా బావమరిది వచ్చాడు. కొరియర్ ఆఫీసులో చేస్తాడు. "బావా, నేనూ ఒక బండి తీసుకుందామనుకుంటున్నాను, ఎలా ఉంటుంది?" అన్నాడు. నేనేం చెప్పలేదు. నోట్‌బుక్ ఇచ్చి, తీసుకెళ్లి తీరిగ్గా చదువుకో అన్నాను. వారం తర్వాత వాళ్ల అక్క చేతికి తిరిగిచ్చి వెళ్లాడు, ఒక్క మాటా అనలేదు. సరే, బుద్ధిమంతుడు, అర్థం చేసుకున్నాడనుకున్నాం.

మొన్న తెల్లవారుజామున నాలుగున్నరకి, నేను కంచరపాలెం దాటుతుండగా వాడి ఫోన్. వెనక రైలు కూత వినిపిస్తోంది.

"బావా, బోణీ బేరం. ఇతను స్టేషన్ బయటున్నానంటున్నాడు. జ్ఞానాపురం గేటా, మెయిన్ గేటా?"